వేగమునకు గట్టు

ఈ పుటలో మేము మాసమాసమును ఊరుగాయలనో, నోములనో, పిల్లల చదువులనో గూర్చి మీతో ముచ్చటించుచుందుము. ఈ మాసమున మోటారుబండ్లను గూర్చి వ్రాయ పూనుట చూచి, "బడిపంతులుగారి భార్యకు మోటార్లతో నేమి పని?" అని మీరు నవ్వవచ్చును. నిజమే, మాకు బండి నడుపుట రాదు. కాని పదునాఱేండ్ల పిల్లవాడున్న యింట వేగమను మాట వినబడగనే మొదట గుండె ఝల్లుమనునది తల్లికే గదా! ఆ భయము మనది గనుక ఈ కథయు మనదే.

గడచిన వేసవి సెలవులలో మావారును మేమును అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో నున్న మా అక్కగారి యింటికి వెళ్లితిమి. మేము చేరునప్పటికి ఆ యింట తల్లికొడుకులకు మాటలు లేవు. కారణమేమన, మా అక్క కుమారుడు సెలవుదినములలో ఒక అంగడిలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో, తుప్పుపట్టి కదలని పాతకారు నొకదానిని కొని యింటి గ్యారేజీలోనికి తోయించినాడు. దానిని తానే విప్పి, తానే బిగించి, గాలివలె పరువెత్తింతునని వాని పంతము. "దాని నమ్మివేయువఱకు నాతో మాటాడకు" అని తల్లి పంతము. బావగారు ఇద్దఱి నడుమ వార్తాహరునివలె తిరుగుచుండిరి. పిన్నినిగదా యని మేము నచ్చజెప్పబోగా, ఇరువురికిని మేమే పగవారమైతిమి.

గోడ కావలి యింట తొంబదియేండ్లు దాటిన యొక అవ్వగారున్నారు. చేతికఱ్ఱ యూతతో నడచునుగాని చూపు చురుకైనది. ఒకనాటి సాయంకాలము ఆమె గ్యారేజీ గుమ్మమున నిలిచి, ఆ పాతబండిని ఎగాదిగ చూచి, "దీని బ్రేకులు చూచితివా నాయనా?" అని యడిగినది. పిల్లవాడు ఇంజనును గూర్చి చెప్ప మొదలిడెను. అవ్వ వానిమాట వినక మాటిమాటికి ఆ ప్రశ్ననే వేసినది. మఱునాడు ఆమె ఒక గుడ్డలో చుట్టిన పలకను దెచ్చి మా ముందుంచినది. అల్యూమినియము పోతపోసి చేసినది. మీద ఒక క్లబ్బు పేరును, ఊరి పేరును ఉబ్బెత్తుగా నుండెను. "ఇది మా అన్నది. దీనికొఱకు మా యింట ఎన్ని కన్నీళ్లు కాఱినవో చెప్పెద వినుడు" అని ఆ ముదుసలి కూర్చుండినది. ఆమె చెప్పినదానికి, ఆ దినములను గూర్చి మేము పిదప చదివి తెలిసికొన్నదియు జేర్చి మీకు విన్నవించుచున్నాము.

అమెరికాలో ఫోర్డువారు 1908 మొదలు 1927 వఱకు 'మోడల్ టి' యను కారును కోటి యేబదిలక్షలకు మించి చేసి విడిచిరి. కొత్తనమూనాలు వచ్చినకొలది ఆ పాతబండ్లు తుక్కుదొడ్లలో గుట్టలుగా బడియుండెడివి. చేతిలో పెద్దసొమ్ము లేని కుఱ్ఱవారు వానిని చౌకగా గొని, మడ్గార్డులను, కప్పును, బరువని తోచిన సమస్తమును ఊడబెఱికి, ఉన్న ఇంజనునకు మెఱుగులు పెట్టి తోలుచుండిరి. 1932లో ఫోర్డువారు సామాన్యుల ధరలో ఎనిమిది సిలిండర్ల ఇంజనును తెచ్చిరి. దాని బలము 65 అశ్వశక్తి. ఆ ఇంజను తుక్కుదొడ్లకు జేరిననాటి నుండి పిల్లల కది కామధేనువైనది. పాతశరీరమున కొత్తప్రాణము బోసినట్టి యీ బండ్లకే 'హాట్ రాడ్' లని పేరు.

అంత వేగమునకు ఊరి వీథులు చాలవు. లాస్ ఏంజెలెస్ నగరమునకు ఉత్తరమున, కొండల కావల, మొహావీ యెడారిలో నీరింకి యెండిన సరస్సు లున్నవి. మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనునవి వానిలో పేరుగన్నవి. వాని యడుగు మన పేడతో నలికిన కళ్లమువలె చదునుగను గట్టిగను ఉండును. శనివారము రాత్రి కుఱ్ఱవారచటికి జేరి, బండ్లప్రక్కనే దుప్పట్లు పఱచుకొని పండుకొని, ఆదివారము వేకువనే పందెములు మొదలుపెట్టెడివారు. తొలినాళ్లలో పెక్కుబండ్లు ఒక్కసారిగా దూకెడివి. ముందున్నవాడు లేపిన దుమ్ములో వెనుకవానికి తన చేతులే కానరాకుండెడివి. ఇక బండి కానవచ్చుట యెట్లు? ఈ యపాయమును పిల్లలే గుర్తించిరి. 1937లో చిన్నచిన్న క్లబ్బులు కొన్ని కలిసి 'సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్' అను సంఘముగా నేర్పడినవి. ఒక్కొక్క బండిని వేఱుగా విడిచి, గడియారముతో దాని వేగమును కొలుచు పద్ధతి రానురాను స్థిరపడినది. ఇతరులతోడి పోటీ కాలముతోడి పోటీగా మాఱినది.

అంతలో యుద్ధము వచ్చినది. 1942 నుండి పందెములు నిలిచిపోయినవి. పెట్రోలునకు కొలత యేర్పడినది. మ్యూరాక్ సరస్సు సైనిక విమానముల పాలైనది. కుఱ్ఱవారు దూరదేశములకు యుద్ధమునకు వెడలిరి. ఆ దినములలో వేదా ఆర్ అను నొక యిల్లాలు చేసిన పని మన మెఱుగదగినది. ఆమె భర్తతోపాటు ఎడారి పందెములలో తానును బండి నడిపిన ధీర. ఆ సంఘమున పందెమాడుటకు అనుమతి బడసిన తొలి స్త్రీ. యుద్ధకాలమున ఆమె సంఘపు వార్తాపత్రికను నిలువబెట్టి, ఎవరెచట నున్నారో, ఎవరేమి వ్రాసిరో కూర్చి, సముద్రముల కావల నున్న సైనికులకు టపాలో బంపుచుండెను. చావుబ్రదుకుల నడుమ నున్న పిల్లవానికి తన ఊరి గ్యారేజీ ముచ్చట చదువుట ఎంతటి యూరటయో, ఉత్తరముకొఱకు వీథితలుపుకడ నిలిచిన మనకు వేఱుగ జెప్పవలెనా? క్లబ్బులు చెదరిపోకుండుటకు ఇనుపబోల్టులతోపాటు ఆ కాగితములును కారణములే.

యుద్ధము ముగిసి 1945లో మగపిల్లలు తిరిగివచ్చిరి. విమానములను, ట్యాంకులను మరమ్మతు చేసిన చేతులవి, ఊరక యుండునా? యుద్ధవిమానముల పొట్టక్రింద తగిలించు పెట్రోలు తొట్లు తుక్కుగా నమ్ముడుపోవుచుండెను. 1946లో బిల్ బర్క్ అను నతడు అట్టి తొట్టికి చక్రములమర్చి పందెపుబండిని చేసినాడు. 1948లో స్టూ హిల్‌బోర్న్ అను నతడు ఎండిన సరస్సుపై గంటకు 150 మైళ్లు, అనగా 241 కిలోమీటర్లు, మించిన వేగమును మొదటిసారి అందుకొన్నాడు. మఱుసటియేడు యూటా రాష్ట్రమున బాన్నవిల్ ఉప్పుమైదానముమీద హాట్ రాడ్ల పందెములు మొదలైనవి.

ఎడారిమాట యిట్లుండగా, ఊరిమాట వేఱు. వారమున కొకనాడు మాత్రమే యెడారి. తక్కిన ఆఱు రాత్రులును వీథులే. దీపస్తంభము మొదలు దీపస్తంభమువఱకు పందెము, నాలుగువీథుల కూడలిలో పందెము. పత్రికలు వారిని రౌడీలని వ్రాసినవి. హాట్ రాడ్ అను మాట వినబడినంతనే తల్లులు తలుపులు మూసిరి.

ఇక అవ్వగారి మాట. ఆమె అన్న ఆమెకంటె నాలుగేండ్లు పెద్ద. తండ్రి విమానముల కర్మాగారమున రాత్రిపాళి పని చేయుచుండెను. 1949లో నొకనాటి రాత్రి అన్నయు, అతని నేస్తుడును వీరి యింటనే భోజనము చేసి వేఱువేఱు బండ్లలో బయలుదేరిరి. నారింజతోటల దారిలో పందెము. కూడలిలో అడ్డముగా నొక లారీ. అన్న బండి ముందు దాటినది. నేస్తుని బండి దాటలేదు. "అతడు తిని విడిచిన కంచము ఇంకను కడుగలేదు, అంతలో వార్త వచ్చినది" అని అవ్వగారు చెప్పినప్పుడు ఆమె గొంతు తడబడలేదు. మా అక్కయే లేచి లోనికి వెళ్లి మంచినీళ్లు త్రాగి వచ్చినది.

మఱునాడు తల్లి కొడుకు బండి తాళపుచెవిని దీసి, గోదుమపిండి డబ్బాలో లోతుగా పూడ్చినది. కొడుకు ఏమియు అనలేదు. నెల తిరిగిన పిమ్మట ఒక రాత్రి ఆమె మేలుకొని చూడగా, పిండిడబ్బాలో తాళపుచెవి అట్లే యున్నది. గ్యారేజీలో బండి లేదు! తాళపుచెవి లేకయే తీగలు కలిపి బండిని లేపుట వాడు నేర్చినాడు. "మా అమ్మ ఆ రాత్రియంతయు పిండిచేతులతో వీథిగుమ్మమున కూర్చుండినది. వానికి వేగము మాన్పింపజూచితిని; దొంగతనము నేర్పితిని, అని తెల్లవాఱినపిమ్మట నాతో అన్నది." సోదరీమణులారా! ఈ మాట విన్నప్పుడు, మా యింట మేము దాచిన తాళపుచెవులు ఎన్ని జ్ఞప్తికి వచ్చినవో చెప్పజాలము.

పిమ్మట ఆ తల్లి చేసినది చిత్రమైన పని. ఆ యూరి పోలీసువారిలో తనకు తెలిసిన నొక పెద్దమనిషి సలహాపై, కొడుకును, వాని నేస్తులను పిలిచి, "మీరు క్లబ్బు పెట్టుకొనుడు, మా గ్యారేజీ యిచ్చెదను. ప్రతి సమావేశమునకు కాఫీ నేనిచ్చెదను, కాని నేను వినుచుందును" అన్నది. ఆ కాలమున అట్టి క్లబ్బులు ఊరూర వెలసినవి. వానికి అధ్యక్షుడు, కార్యదర్శి, చందా, లెక్కలపుస్తకము, అన్నియు నుండెడివి. బండిని తోటిసభ్యులు పరీక్షింపవలెను. బ్రేకులు, దీపములు సరిలేనిచో రోడ్డెక్కరాదు. వీథిలో అతివేగమునకు పోలీసుచీటీ పడినవానికి క్లబ్బులోను జరిమానా. దారిలో ఎవరి బండి చెడినను సభ్యుడు దిగి సాయపడవలెను. ప్రతిఫలము కోరక, ఫలానా క్లబ్బు సభ్యుడు మీకు తోడ్పడెనని అచ్చువేసిన చీటిని మాత్రమిచ్చి పోవలెను. నిన్న రౌడీ యని తిట్టినవాడే నేడు ఆ చీటిని మడిచి జేబులో పెట్టుకొనెడివాడట. ఈ కట్టుబాట్లకు లోబడినవానికే బండి వెనుక తగిలించుకొనుటకు అల్యూమినియపు పలక. మాటతప్పినవాని పలక ఊడదీయుదురు.

అన్నయు ఒకసారి మాటతప్పెను. ఎవరో కవ్వింపగా వీథిలో పందెమాడినాడు. తోటివారు సమావేశము జరిపి, నెలదినములు పలకను దీసివేసిరి. "పోలీసువాని యెదుట తల వంచనివాడు, తన యీడువారి యెదుట ఏడ్చినాడు. మా అమ్మ కాఫీ పోయుచు ఏమియు చూడనట్లే యుండెను" అని అవ్వ నవ్వినది. పెద్దలు వేసిన శిక్ష గోడవంటిది; దూకి పోవలెనని యుండును. ఈడువారు వేసిన శిక్ష యద్దము. తప్పించుకొని పోవుటకు చోటుండదు.

ఇట్టి మార్పు ఒక్క యింట జరిగినది కాదు. 1948 జనవరిలో లాస్ ఏంజెలెసులో ఈ బండ్ల ప్రదర్శనము జరిగినది. ఆ మాసమందే రాబర్ట్ పీటర్సన్ అను నతడు 'హాట్ రాడ్' అను మాసపత్రికను వెలువరించెను. 1950లో సాంటా అనాలో విమానాశ్రయపు బాటమీదనే పందెములు నడిపించిరి. క్వార్టరుమైలు, అనగా 402 మీటర్ల దూరము. ఎదురుబండి లేదు, అడ్డుదారి లేదు. దానిని నడిపిన హార్టుగారి భార్య పెగ్గీయును అచట పందెమున బండి తోలెడిది. 1951లో వాలీ పార్క్స్ అను నతని పూనికతో 'నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్' ఏర్పడినది. వీథిపందెములను మాన్పి భద్రమైన చోటు చూపుట దాని ముఖ్యోద్దేశము. 1953లో పొమోనాలో ఆ సంఘపు తొలి పందెము జరిగినది. ఆ యూరి పోలీసులే తోడుపడిరి. వారిలో బడ్ కూన్స్ అను ఉద్యోగి తరువాత ఆ సంఘముననే చేరి, 1954లో మఱి ముగ్గురితో గూడి, గడియారములు, సామగ్రి బండికి తగిలించుకొని, ఊరూర తిరిగి క్లబ్బులవారికి భద్రముగా పందెములు జరుపు విధము నేర్పినాడు. 1955లో కాన్సస్ రాష్ట్రపు గ్రేట్ బెండులో దేశమంతటి పోటీ మొదటిసారి జరిగినది. పెద్దలు చోటిచ్చిరి, పిన్నలు మాటయిచ్చిరి. ఈ యిచ్చిపుచ్చుకొనుటయే దాని లోగుట్టు.

మే మింతవఱకు విని, "మీరును బండి నడిపితిరా అవ్వా?" అని యడిగితిమి. ఆమె మొగము మాఱినది. చిన్నచేతులు గనుక ఇఱుకైన చోట్ల నట్లు బిగించుటకు అన్న తననే పిలిచెడివాడట. వాల్వులు నూఱినది తాను, సమావేశముల పుస్తకము వ్రాసినది తాను. కాని ఆడుపిల్లకు సభ్యత్వము లేదు. "నా చేతివ్రాత ఆ పుస్తకమున ప్రతిపుటలోను ఉన్నది, నా పేరు ఒక్క పుటలోను లేదు" అన్నది. ఏడుపదులేండ్ల నాటి మాట. పుండు ఇంకను పచ్చిగనే యున్నది. 1977లో షర్లీ మల్డౌనీ అను స్త్రీ ఈ పందెములలో అత్యున్నతమైన తరగతిలో దేశవిజేతయైనది. ఆనాడు ఈమె వయస్సు నలుబది దాటియున్నది. వార్త విన్నంతనే గ్యారేజీలోనికి బోయి, తలుపు మూసికొని, అన్న పాతబండిలో కొంతసేపు స్టీరింగు పట్టుకొని కూర్చుండెనట. ఎందులకో మేమడుగలేదు, ఆమె చెప్పలేదు.

మాకును ఒక కథ చెప్పవలెనని తోచినది. చిన్ననాడు మా నాయనగారియొద్ద చదివిన నలోపాఖ్యానమును దలచుకొంటిమి. నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణునికి సారథియై తేరు తోలగా, రాజు ఉత్తరీయము జాఱినది. దానిని దీయించుకొందమని రాజు పలుకునంతలో అది ఆమడదూరము వెనుకబడినదట. అవ్వగారు కన్నులార్పక వినుచుండి, "వేగము సరే, మీ రాజునకు బండిని ఆపుట తెలియునా?" అని యడిగినది. మేము నవ్వబోయి ఆగిపోతిమి. ఏలన, ఆ కథలో ఆ వెంటనే వచ్చునది అదియే. దారిలో నొక చెట్టు ఆకులను, కాయలను రాజు చూచి చూడగనే లెక్కచెప్పగా, నలుడు తేరు నాపి, దిగి, లెక్క సరియో కాదో చూచినగాని కదలనన్నాడు. అచటనే ఒకరి విద్య నొకరికిచ్చుకొనిరి. అచటనే నలుని పట్టిన కలి వదలినది. ఇన్నియేండ్లుగా మేము తేరు పరుగునే మెచ్చుచుంటిమిగాని, నలునికి మేలు జరిగినది తేరు నిలిచిన చోటనని ఆ ముదుసలి యడిగినదాక మాకు తట్టలేదు.

ఆ రాత్రి అక్క గ్యారేజీలోనికి వెళ్లినది. మేము కిటికీనుండి చూచితిమి. పిల్లవాడు బండిక్రింద నుండి తల వెలుపల పెట్టెను. అక్క ఒక ముక్కాలిపీట లాగికొని కూర్చుండి, "మొదట బ్రేకులు. అవి అవ్వగారు చూచి సరేయనినపుడే ఇంజనుమాట. లెక్కలపుస్తకము నాచేతిలో నుండును" అన్నది. మూడువారముల పిదప తల్లి కొడుకుతో పలికిన తొలిమాట యిది. వాడు "అట్లే అమ్మా" అన్నాడు. బావగారు వార్తాహరుని కొలువు మానుకొనిరి.

అంతమాత్రమున భయము పోయినదని చెప్పము. మేము తిరిగివచ్చునాటికిని, వాడు నేస్తునితో బయటికి వెళ్లిన రాత్రులు అక్క వాకిటి దీపమార్పకుండెను. వేగము మంచిదని మేమనుట లేదు. పోయిన పిల్లవాని కంచమును ఏ క్లబ్బును తిరిగి నింపజాలదు. గట్టు లేని చెఱువు ఊరిని ముంచును. చెఱువునే పూడ్చినచో ఊరు ఎండును. గట్టు కట్టుటయే పెద్దల పని. నేటికిని ఎల్ మిరాజ్ ఎండిన సరస్సుపై ఆ 1937 నాటి సంఘము పందెములు జరుపుచునే యున్నది.

ప్రయాణమునకు ముందునాడు అవ్వగారు ఆ పలకను మరల తెచ్చి మా పిల్లవాని చేతిలో పెట్టినది. వాడు దానిని అటునిటు త్రిప్పి, అక్షరములు వ్రేలితో తడిమి, ఆశగా ఆమె మొగము చూచెను. అవ్వ చేయి చాచి పలకను తిరిగి తీసికొని, గుడ్డలో చుట్టుకొన్నది. "ఇది ఇచ్చునది కాదు నాయనా, గడించుకొనునది" అని చెప్పి, కఱ్ఱ యూతతో మెల్లగా తన యింటికి నడచినది. పిల్లవాడు పరువెత్తి ముందుగా బోయి, ఆమె గేటు తెఱచి పట్టుకొన్నాడు.